పిల్లిని ఇంట్లో ఉంచాలా, బయటికి వదలాలా?

కోతలు, నూర్పిళ్లు అయ్యాక ధాన్యం బస్తాలు ఇంటికి చేరతాయి. వాటి వెనకాలే ఎలుకలూ చేరతాయి. చేలో తిండి అయిపోయాక అవి మాత్రం ఎక్కడికి పోతాయి? వసారాలో బస్తాల దొంతర, మూలన మినుముల డబ్బా, అటక మీద విత్తనం మూట. రాత్రి దీపం ఆర్పగానే చప్పుళ్లు మొదలవుతాయి. అప్పుడు గుర్తొస్తుంది మనకి పిల్లి. పక్కింటివాళ్లని అడిగి ఒక కూనని తెచ్చుకుంటాం. నాలుగు రోజులు పాలు పోస్తాం. ఆ తరవాత దాని దారి దానిదే. పగలు ఎక్కడ తిరుగుతుందో, రాత్రి ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో ఎవరికీ పట్టదు.

పెంపుడు పిల్లిని తలుపు వేసి లోపలే ఉంచాలా, బయటికి వదిలేయాలా అన్న ప్రశ్న ఇప్పుడు చాలా దేశాల్లో నలుగుతోంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2022 జులై 1 తరవాత పుట్టిన పిల్లులను యజమానులు తమ ఆవరణ దాటనివ్వకూడదని చట్టమే వచ్చింది. అమెరికాలో పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. వాళ్ల బాధ పక్షుల గురించి. మన సంగతి వేరు. ఎకరం, రెండెకరాలు చేసుకునే రైతు ఇంట్లో పిల్లి ముద్దు కోసం ఉండేది కాదు, గింజ కాపలా కోసం ఉండేది. కాబట్టి మన ప్రశ్నకి జవాబు కూడా మన ఇంటి గడపలోనే వెతుక్కోవాలి. ఎల్లకాలం లోపల పెట్టడమూ కుదరదు, ఎల్లకాలం వదిలేయడమూ మంచిది కాదు. ఎప్పుడు లోపల ఉంచాలో, ఎప్పుడు వదలాలో తెలిస్తే పిల్లీ దక్కుతుంది, గింజా దక్కుతుంది.

పిల్లి ఏ ఎలుకని పడుతుంది?

ముందు ఒక భ్రమ వదులుకోవాలి. పిల్లి ఉంటే ఎలుకలు ఉండవనుకుంటాం. చిట్టెలుకల సంగతిలో ఇది చాలావరకు నిజమే. ఇంటి ఎలుకల్లో పిల్లలను, చిన్నవాటిని కూడా పడుతుంది. పందికొక్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లి వెనక్కి తగ్గుతుంది. బాగా ఎదిగిన పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది. అది తిరగబడి కరిస్తే పిల్లికే ప్రమాదం. (ఇంగ్లీషువాళ్లు దాన్ని పిలిచే బాండికూట్ అన్న పేరు మన తెలుగు పందికొక్కు నుంచి పోయిందే. అంతగా వేధించింది కాబోలు వాళ్లని కూడా!)

న్యూయార్క్ నగరంలో ఒక చెత్త కేంద్రంలో ఊరపిల్లులు, పెద్ద ఎలుకలు కలిసి ఉన్నచోట కెమెరాలు పెట్టి 79 రోజులు గమనించారు. 2018లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. అన్ని రోజుల్లో పిల్లులు చంపినవి రెండంటే రెండే ఎలుకలు. అయితే పిల్లులు తిరిగినప్పుడు ఎలుకలు బయటికి రావడం తగ్గించుకున్నాయి. అంటే చంపడం కన్నా భయపెట్టడమే పిల్లి చేసే అసలు పని. ఆఫ్రికాలోని స్వాజిలాండ్ పల్లెల్లో రైతుల ఇళ్ల చుట్టూ చేసిన పరిశీలనలోనూ ఇదే తేలింది. 2017లో అచ్చయిన ఆ పరిశీలన ప్రకారం పిల్లి, కుక్క రెండూ ఉన్న ఇళ్ల దగ్గర ఎలుకలు మేతకు తిరగడం తగ్గింది. ఒక్క పిల్లో, ఒక్క కుక్కో ఉన్నచోట అంత తేడా కనిపించలేదు.

వీటన్నిటికంటే మనకి బాగా పనికొచ్చేది పాతకాలపు సంగతి ఒకటుంది. ఇంగ్లాండులో చార్లెస్ ఎల్టన్ అనే జీవశాస్త్రవేత్త రైతుల కొట్టాల దగ్గర పిల్లులను గమనించి 1953లో రాశాడు. ఎలుకలు అప్పటికే నిండిపోయిన చోట పిల్లిని తెచ్చి పెడితే లాభం లేదు. ముందు మందుతోనో బోనుతోనో ఎలుకలను తీసేసి, తరవాత పిల్లులను ఉంచి, వాటికి రోజూ పాలు పోస్తే అవి కొట్టాలను విడిచి పోకుండా ఉన్నాయి. కొత్త ఎలుకలు రాలేదు. అయితే ఆ కాపలా కొట్టాల చుట్టూ సుమారు 50 గజాల వరకే పనిచేసింది.

మన పెద్దవాళ్లు ‘తిండి పెడితే పిల్లి ఎలుకని పట్టదు’ అంటారు. పస్తు పెడితే బాగా వేటాడుతుందని వాళ్ల ఆలోచన. ఇది పొరపాటు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది, అది దాని పుట్టుక. పస్తున్న పిల్లి ఏం చేస్తుందంటే మీ ఇల్లు వదిలి చేపల మార్కెట్టు వైపో, పక్కవాళ్ల కోళ్ల గంప వైపో పోతుంది. మీ బస్తాల దగ్గర ఉండాలంటే మీ ఇంట్లోనే దానికి తిండి దొరకాలి.

రాత్రి గింజ దగ్గర

ఎలుకలు పొద్దుగూకిన తరవాత కొన్ని గంటలు, మళ్లీ తెల్లవారుజామున బాగా తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే పిల్లి ఊరి మీద ఉంటే ఏం లాభం? అలాగని మన పడకగదిలో మంచం కింద పెట్టుకున్నా లాభం లేదు. రాత్రిపూట పిల్లి ఉండాల్సింది ధాన్యం ఉన్నచోట. బస్తాలు పెట్టే కొట్టుగది, వసారా, గాదె లేదా గరిసె ఉన్న పంచ, ఏదైతే అది.

దీనికి చేయాల్సింది కొంచెమే. రోజూ దీపాలు పెట్టే వేళకి ఒకే చోట, ఒకే గిన్నెలో అన్నం పెట్టండి. గిన్నె మీద గరిటెతో కొట్టి పిలవండి. పదిహేను రోజుల్లో ఆ చప్పుడికి ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. తిన్న తరవాత కొట్టుగది తలుపు వేసేయండి. తెల్లారాక తీయండి. ఒట్టి పెరుగన్నంతో పిల్లి బతకలేదు, దానికి మాంసం కావాలి. చేప తలకాయలు, కోడి పేగులు ఉడికించి అన్నంలో కలిపితే చాలు, వేరే ఖర్చేమీ లేదు. ఉప్పు చేపలైతే బాగా కడిగి పెట్టండి. పాలు కొన్ని పెద్ద పిల్లులకి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అలాంటి వాటికి పాలు మాని గిన్నెలో మంచినీళ్లు పెట్టండి.

బస్తాలను గోడకి ఆనించి పెడితే వెనకాల ఎలుకకి కోట కట్టి ఇచ్చినట్టే. పిల్లి దూరలేదు, మీరు చూడలేరు. నేల మీద చెక్కలు వేసి, గోడకి అడుగున్నర ఎడం వదిలి దొంతర పేర్చండి. పిల్లి చుట్టూ తిరగగలగాలి.

ఎలుకల మందు పెట్టే రోజులు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. డెల్టాలో మా ఊళ్లో ఒక ఏడు అందరూ కలిసి చేలల్లో ఎలుకల మందు పెట్టారు. మంచి పనే, ఒక్కరు పెడితే లాభం లేదు, ఊరంతా ఒకే రోజు పెట్టాలి. మందు పెట్టిన మూడో రోజు నుంచి ఎలుకలు చావడం మొదలైంది. మా పిల్లి మూడేళ్లది, తెల్లమచ్చల పిల్లి. చేలోంచి మత్తుగా తూలుతూ వచ్చిన ఎలుకలు దానికి తేరగా దొరికాయి. రెండింటిని మా కళ్లముందే తింది. భలే పడుతోందని మురిసిపోయాం కూడా. నాలుగైదు రోజులకి మూలన ముడుచుకుని పడుకుంది, అన్నం ముట్టలేదు. ముక్కులోంచి రక్తం కారింది. పాము కరిచిందనుకున్నాం. పసరు పోయించాం. మర్నాటికి చచ్చిపోయింది. చంపింది పాము కాదు, మేం పెట్టిన మందేనని చాన్నాళ్ల తరవాత పశువుల డాక్టరు చెబితే తెలిసింది. వెంటనే తీసుకొస్తే బతికించేవాళ్లమన్నాడాయన. ఆ ఏడు కొట్టుగదిలో చిట్టెలుకలు ఒక బస్తా మినుముల్ని పిండి పిండి చేశాయి.

ఎందుకిలా జరిగిందో చూడండి. చేలల్లో మనం వాడే ఎలుకల మందులు ముఖ్యంగా రెండు. ఒకటి జింక్ ఫాస్ఫైడ్. రెండోది బ్రోమడయోలోన్. రెండింటికీ ఎర తయారీ దాదాపు ఒకటే: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు మందు. బ్రోమడయోలోన్ అయితే 0.25 శాతం పొడి మందు వాడాలి. కానీ పనిచేసే తీరు వేరు.

జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి పోగానే అక్కడి ఆమ్లంతో కలిసి విషవాయువు పుట్టిస్తుంది. ఎలుక గంటల్లోనే చస్తుంది. ఇందులో పిల్లికి ప్రమాదం ఎరని నేరుగా తిన్నా, చచ్చిన ఎలుక పొట్టలో మిగిలిన ఎరతో సహా తిన్నా. దీనికి విరుగుడు మందు లేదు. కక్కుకున్న పిల్లి దగ్గర వెల్లుల్లి లాంటి వాసన వస్తే ఇదేనని అనుమానించాలి. ఆ వాసన మనుషులకీ చెరుపే, తలుపులూ కిటికీలూ తీసేసి, పిల్లల్ని దూరం పంపి ఆ తరవాతే దగ్గరికి వెళ్లాలి.

బ్రోమడయోలోన్ అలా కాదు. అది రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరిగి లోపల రక్తం కారి చస్తుంది. ఆ రోజుల్లో మందు దాని కాలేయంలో నిలవ ఉంటుంది. మెల్లిగా కదిలే ఎలుక పిల్లికి సులువుగా చిక్కుతుంది. ఒక ఎలుకతో కాకపోయినా నాలుగైదు తినేసరికి ఆ విషం పిల్లిలోనూ చేరుతుంది. లక్షణాలు మూడు నుంచి ఐదు రోజుల తరవాత గానీ కనబడవు. చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, నల్లటి విరేచనం, ముక్కు లేక నోటి వెంట రక్తం, కాళ్ల కీళ్లు వాయడం. దీనికి మాత్రం విరుగుడు ఉంది, విటమిన్ కె-1. పశువైద్యుడు ఇంజెక్షనుతో మొదలుపెట్టి వారాల తరబడి వాడిస్తాడు. రెండు రోజుల్లో బాగుందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

కాబట్టి మందు పెట్టే రోజున పిల్లి తప్పకుండా లోపలే ఉండాలి. ముందురోజు సాయంత్రం నుంచే తలుపు వేయండి. ఎంతకాలం అంటారా? చచ్చిన ఎలుకలు కనబడడం ఆగిపోయాక ఇంకో వారం. మొత్తం సుమారు మూడు వారాలు అనుకోండి. ఉన్నట్టుండి బంధిస్తే పిల్లి గోల చేస్తుంది, తలుపు గీరుతుంది. అందుకే ఊళ్లో మందు పెట్టే తేదీ అనుకున్నప్పుడే వారం ముందు నుంచి కాసేపు కాసేపు లోపల అలవాటు చేయండి. కిటికీకి ఇనుప జాలీ ఉందో లేదో చూసుకోండి. ఒక పాత ప్లాస్టిక్ తొట్టెలో ఇసుక, చల్లారిన బూడిద కలిపి మూలన పెడితే దొడ్డికి అందులోనే కూర్చుంటుంది, దానికి మట్టి కప్పుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. మెడకి తాడు కట్టి స్తంభానికి కట్టేయడం మాత్రం వద్దు. గింజుకుని ఉరి పడుతుంది.

మీరు లోపల పెట్టినా ఊరి పిల్లులు, కుక్కలు, గుడ్లగూబలు బయటే ఉంటాయి. పొద్దున్నే గట్ల వెంట తిరిగి చచ్చిన ఎలుకల్ని ఏరి, మోచేతి లోతు గొయ్యి తీసి పూడ్చాలి. చేత్తో పట్టుకోకుండా కర్రతోనో, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కునో తీయండి. ఎరని గట్టు మీద చల్లకుండా పొట్లం కట్టి కన్నంలో లోపలికి తోసి మూసేయండి. ఇంట్లో, కొట్టుగదిలో అసలు మందే వద్దు. బోను పెట్టండి, లేదా బుట్టలు పెట్టేవాళ్లని పిలిపించండి. పిల్లలు తిరిగే ఇల్లది.

ఇంకో మాట. పిల్లి నలతగా ఉందని జ్వరం మాత్ర చిదిపి పోసేవాళ్లున్నారు. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. గేదెలకి గోమార్ల కోసం పూసే మందు పిల్లి ఒంటికి పూయడం కూడా అలాంటిదే.

కరిస్తే, రక్కితే

కుక్క కరిస్తే ఆస్పత్రికి పరుగెడతాం. పిల్లి రక్కితే పసుపు రాసుకుంటాం. రేబిస్ పిల్లి నుంచీ వస్తుంది. రాత్రిళ్లు బయట తిరిగి ఊరకుక్కలతోనూ గండుపిల్లులతోనూ కొట్లాడే పిల్లికి ఈ ప్రమాదం ఎక్కువ. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా ముందు ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, మనకి రెండు నిమిషాలే పావుగంట అనిపిస్తుంది. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి, టీకా అక్కడ ఉచితం. వాళ్లు చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి, రెండు సూదులతో ఆపొద్దు. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ వేరే మందు కూడా వేస్తారు. ‘మన పిల్లే కదా, పది రోజులు చూద్దాం’ అని ఆగకండి. పిల్లిని గమనించడం గమనించడమే, సూది సూదే.

పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించాలి. జులై 6న జంతువుల నుంచి మనుషులకి సోకే వ్యాధుల దినం, సెప్టెంబరు 28న రేబిస్ దినం. ఆ రోజుల్లో చాలాచోట్ల పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. కుక్కలనే తీసుకెళతారందరూ, పిల్లికీ వేస్తారని చాలామందికి తెలీదు.

మేకలు, గొర్రెలు ఉన్నవాళ్లకి

చూలు మేకలు, గొర్రెలు నెలలు నిండకుండా ఈసుకుపోవడానికి చాలా కారణాలున్నాయి. వాటిలో ఒకటి పిల్లి రెట్టతో వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి. వేటకి మొదలుపెట్టిన లేత పిల్లి ఈ జీవి ఉన్న ఎలుకని తింటే రెండు వారాల దాకా దాని రెట్టలో లక్షల కొద్దీ గుడ్ల లాంటివి పడతాయి. పడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అవి సోకే దశకు వస్తాయి, తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. ఆ మట్టి, ఆ గడ్డి తిన్న చూలు మేకకి పిల్ల పోతుంది.

పిల్లి ఎక్కడ దొడ్డికి కూర్చుంటుందో ఈ లెక్కన మీకు తెలియాలి. మెత్తగా, పొడిగా ఉన్న చోటే దానికిష్టం: గడ్డివాము అంచు, దాణా బస్తా, చిక్కుడు పాదు. గడ్డివామిలో పిల్లి ఈనడమూ మామూలే. మేత, దాణా ఉన్న పాకలోకి పిల్లిని రానివ్వకండి, దాణా తొట్టికి మూత పెట్టండి. ఇసుక తొట్టె అలవాటైతే ఈ బాధ సగం తీరినట్టే, రోజూ తీసి పూడ్చేస్తే సోకే దశ రాకముందే పోతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ తొట్టెని ఆమె ముట్టుకోకూడదు, వేరేవాళ్లు తీయాలి. పెరట్లో మట్టిపని చేస్తే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మాంసం బాగా ఉడికించాలి. అంతమాత్రాన పిల్లిని ఊరవతల వదిలి రావక్కర్లేదు. మందలో ఒకటి రెండు ఈసుకుపోతే పిల్లి మీదకి నెట్టేయకుండా పశువైద్యుడికి చూపించండి, బ్రూసెల్లా లాంటి జబ్బులూ ఉండొచ్చు.

కూనలు, కోడిపిల్లలు

పిల్లి చూలు సుమారు తొమ్మిది వారాలు. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకి మూడు నాలుగు కూనలు. కూనలన్నిటికీ తిండి ఎవరు పెడతారు? అవే పెరిగి ఊరి కోడిపిల్లల్ని పట్టుకుపోయి తగాదాలు తెస్తాయి. అయిదారు నెలల వయసులో పిల్లికి ఆపరేషను చేయిస్తే ఈ గొడవ ఉండదు. గండుపిల్లికి చేయిస్తే ఊరి మీద తిరగడం, కొట్లాటలు తగ్గి ఇంటిపట్టున ఉంటుంది. మీ మండల పశువైద్యశాలలో ఆ సౌకర్యం లేకపోతే జిల్లా కేంద్రంలోని పాలీక్లినిక్‌లో అడగండి.

కోడిపిల్లలు పెద్దయ్యేదాకా గంప కిందే ఉండాలి, గంప మీద బరువు పెట్టాలి. అయితే కోడి పోయిన ప్రతిసారీ ఇంటి పిల్లిని అనకండి. చేలగట్ల మీద అడవిపిల్లి ఉంటుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల చుట్టుపక్కల అయితే చేపలు పట్టే నీటిపిల్లి కూడా ఉంది. రెండూ వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవే, చంపితే కేసవుతుంది. పైగా అడవిపిల్లి చేలో ఎలుకల్ని తినేదే.

ఈసారి మీ ఊళ్లో సామూహికంగా ఎలుకల మందు పెట్టే తేదీ చెప్పినప్పుడు, ఏ మందు పెడుతున్నారో వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి పేరు రాసి పెట్టుకోండి. పిల్లికి గానీ, కుక్కకి గానీ ఏమైనా అయితే ఆ కాగితం డాక్టరుకి చూపించండి, ఏ మందో తెలిస్తేనే ఆయన వెంటనే వైద్యం మొదలుపెట్టగలడు. తీసుకెళ్లేటప్పుడు గోనెసంచిలో కుక్కకుండా, మూత ఉన్న వెదురు బుట్టలో పాత గుడ్డ పరిచి తీసుకెళ్లండి.